ముందొచ్చినవాడే ముందు

నర్సీ,

నీ సంవత్సరీకం మొన్ననే అయింది. నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకింకెవరున్నారు?

ఇవాళ బీచుపల్లి రేవులో నాయిన పుట్టి నిండా జనాన్ని ఎక్కించుకున్నాడు. అంతలో నొప్పులు పడుతున్న ఒకామెను మంచం మీద మోసుకొచ్చారు. కృష్ణ దాటితేనే వనపర్తి దవాఖాన. నాయిన తెడ్డు పక్కన పెట్టి, "జర దిగుండ్రయ్యా, ఈ పిల్ల ముందు పోవాలె" అన్నాడు. అందరూ దిగారు. ఒక్కరూ గొణగలేదు.

నాయిన నీతి నీకు తెలియనిదా? దొరైనా కూలివాడైనా, ముందొచ్చినవాడే ముందెక్కాలి. పోయినేడు నిన్నూ అట్లాగే మోసుకొస్తే, "కోడలని ముందెక్కిస్తే, రేపు దొరొచ్చి ఎక్కుతనంటే నేనేం చెప్తరా?" అన్నాడు. నేను అరిచాను. నువ్వే నా చెయ్యి పట్టుకుని, "మామ అనేది నాయమే. జర ఆగుదాం" అన్నావు. పుట్టి తిరిగొచ్చేసరికి నువ్వు లేవు.

సాయంత్రం తల్లీబిడ్డా క్షేమమని కబురొచ్చింది. అయినా నాయిన అన్నానికి లేవలేదు, ఒడ్డునే కూర్చున్నాడు. ఏడాదిగా మా మధ్య మాటల్లేవు. ఇవాళ వెళ్లి పక్కన కూర్చున్నాను. నీళ్లవైపే చూస్తూ అన్నాడు:

"అడిగితే దిగిండ్రు గదరా."