దుబాయి విమానం మూడు గంటలు ఎక్కడ ఆగింది?

పాలకీడు, 4-5-2010

మిర్యాలగూడ ట్రావెల్స్ మోతీలాల్ అన్నగారికి పాలకీడు సంతోషి నమస్కరించి రాయునది.

నేను ఐదో తరగతి దాకా చదివాను, తప్పులుంటే ఏమనుకోకండి. మా ఆయనకు దుబాయి టికెట్లు మీరే ఇచ్చారు. సెలవుకు వచ్చి మళ్లీ వెళ్లిపోయారు. పాత టికెట్లు ఇంట్లో దొరికితే అత్తమ్మకు నేనే చదివి వినిపించాను, నా నోరు పడ! పోయేటప్పుడు హైదరాబాదులో పొద్దున పదింటికి ఎక్కి పన్నెండుంబావుకు దిగారు. వచ్చేటప్పుడు దుబాయిలో రాత్రి పదింటికి ఎక్కి తెల్లవారుజామున మూడింటికి దిగారు.

"పోంగ రెండు గంటలు, రాంగ అయిదు గంటలా? నడుమల మూడు గంటలు యాడున్నడే? రెండు దుప్పట్లని ఫోన్ల చెప్పి ఒక్కటే తెచ్చిండు. కోదాడల విమానం ఆపిచ్చి మీ అమ్మకు ఇచ్చొచ్చిండు!" అంటోంది అత్తమ్మ.

ఈ లెక్క తేలేదాకా కోదాడలో మా చెల్లె రజని పెళ్లికి నన్ను పంపదట. దూరమెంతో, ఎన్ని గంటలో రాయగలరు.

ఇట్లు,
సంతోషి

మరిచాను: టికెట్ల జిరాక్సు పెట్టాను. పోస్టాయన చదువుతాడని మా ఆయన పేరు మీద సిరా పూశాను.

మిర్యాలగూడ, 8-5-2010

సంతోషి చెల్లెమ్మకు,

కోదాడలో విమానం ఆగదమ్మా. పెళ్లికి వెళ్లాలంటే బస్టాండుకు పోండి. దుబాయి రెండున్నర వేల కిలోమీటర్లు. పోయినా వచ్చినా నాలుగు గంటల లోపే.

మీ మోతీలాల్

తా.క.: సిరా చూసి మా గుమాస్తా దొంగ టికెట్టని బెదిరిపోయాడు. ఇంతకూ మీ ఆయన ఎవరు?

పాలకీడు, 12-5-2010

అన్నగారికి నమస్కారం.

మీ ఉత్తరంతో కొంప మునిగింది. "రెండు గాదు, అయిదు గాదు, ఇప్పుడు నాలుగా? ఈ ట్రావెల్సోడు గూడ నా కొడుకుతోటి కలిసిండు" అంటోంది అత్తమ్మ. మామయ్య ఎదురుగాలి అయి ఉంటదన్నారు. "ఎడ్లే ఇంటి మొకం పడితె ఉరుకుతయి, విమానానికేం రోగం?" అని అత్తమ్మ ఆయన నోరు మూయించింది. నాకూ ఏం తోచడం లేదు. పెళ్లి దగ్గర పడింది.

సంతోషి

మరిచాను: ఆయన పేరు రాయలేను. పెళ్లినాడు చెప్పమంటేనే ఏడ్చాను.

మిర్యాలగూడ, 15-5-2010

చెల్లెమ్మకు,

మనకు పన్నెండైతే దుబాయిలో పదిన్నరే. టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. అందుకే పోయేటప్పుడు తక్కువ, వచ్చేటప్పుడు ఎక్కువ కనపడుతుంది. విమానం ఎక్కడా ఆగలేదు. మీ ఆయన బంగారం.

మోతీలాల్

తా.క.: మీ ఉత్తరాలు మా ఇంటామె చదివింది. నేను సూర్యాపేట పోయిరావడానికి ఎన్ని గంటలని ఇప్పుడు నన్ను నిలదీస్తోంది.

పాలకీడు, 30-5-2010

అన్నగారికి వెయ్యి దండాలు.

గడియారాల మాట అత్తమ్మ నమ్మలేదు. ఇక్కడ చీకటి పడ్డాక కొడుకుకు ఫోన్ చేయించి, "ఏం బిడ్డా, పొద్దుగూకిందా?" అని అడిగింది. "లేదమ్మా, ఎండ మొకం మీద కొడుతుంది" అన్నారాయన. అత్తమ్మ చెంపలేసుకుని, పెళ్లికి నన్ను తనే బస్సెక్కించింది. పెళ్లి బాగా జరిగింది.

సంతోషి

మరిచాను: కోదాడలో మా అమ్మ మంచం మీద రెండో దుప్పటి ఉంది. విమానం తెల్లవారుజామునే దిగింది గదా, ఆయన ఇల్లు చేరింది పొద్దుగూకినంక. హైదరాబాదు నుంచి పాలకీడుకు బస్సు ఎన్ని గంటలని అత్తమ్మ అడిగితే, అన్నా, నీకు దండం పెడతాను, జవాబు రాయకు.