నాలుక పదవి

మార్చి 10, సోమవారం

పదవి పోయింది. చేపట్టకముందే పోయింది.

వంట క్లాసు మొదటి రోజు. గుణదలలో షంషాద్ ఆంటీ ఇల్లు — మేడ మీద వంటగది, కింద వాళ్ల అత్తగారి గది, మెట్ల మీద వరుసగా చెప్పులు. ఊరు చూడటానికి వచ్చినవాళ్లకి ఇంట్లోనే వంట నేర్పుతారని ఆన్‌లైన్‌లో చూసి, వైజాగ్‌లో ఉండగానే ఐదు రోజులకి పేర్లిచ్చాం, నేనూ స్వాతీ. రంజాన్ నెలన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. ఆంటీ రోజాలో ఉన్నారు. ఇంట్లో అందరూ రోజాలోనే. పొద్దు గుంకేదాకా మంచినీళ్లు కూడా ముట్టరు. మరి కూరలో ఉప్పు ఎవరు చూడాలి? మేమే.

"నేను నాలుక మీద పెట్టుకోనమ్మా. మీ ఇద్దరిలో నాకు నాలుక ఎవరో ఇవాళే తేలిపోవాలి" అన్నారు ఆంటీ. ఇద్దరి అరచేతుల్లో చెరో చుక్క పులుసు వేసి, ఏం తక్కువైందని అడిగారు.

నేను కళ్లు మూసుకున్నాను. తల పంకించాను. "చాలా బాగుందండీ" అన్నాను.

స్వాతి పెదవులు చప్పరించి, "ఉప్పు సరిపోయింది ఆంటీ. పులుపే ఇంకొంచెం పడాలి" అంది.

ఆంటీ నా వైపు జాలిగా చూశారు. "బాగుందనేది చుట్టాలు అనే మాటమ్మా. పొయ్యి దగ్గర అది జవాబు కాదు."

స్వాతికి గరిటె. నాకు ఉల్లిపాయల బుట్ట.

ఈ పేజీకి తెలియనిది కాదు, అయినా భావితరాల కోసం నమోదు చేస్తున్నాను. హాస్టల్లో మూడేళ్లు ఇండక్షన్ స్టవ్ మీద వండింది నేను. తిన్నది స్వాతి. ఉద్యోగాలు మానేసి జూన్‌లో మేం పెట్టబోయే కర్రీ పాయింట్‌లో వంట నేను, ఆర్డర్లూ డెలివరీలూ స్వాతి. ఇది బీచ్‌లో మొక్కజొన్న పొత్తు సాక్షిగా జరిగిన ఒప్పందం. స్వాతి పెట్టిన టీ ఒకసారి మా వాచ్‌మన్ తాగాడు. మర్నాటి నుంచి మేం కనిపిస్తే చాలు, ఫోన్ మాట్లాడుతున్నట్టు నటించేవాడు.

ఆ స్వాతికి నాలుక పదవి.

మార్చి 11, మంగళవారం

ఉల్లిపాయలు రెండు కిలోలు. ఏడ్చాను. ఉల్లిపాయల వల్లే అనుకున్నారు అందరూ. మంచిదే.

ఆంటీ నన్నూ మెచ్చుకున్నారు. "నీ కోత సన్నగా, అన్నీ ఒకేలా ఉన్నాయమ్మా." మిక్సీని కూడా ఇలాగే మెచ్చుకుంటారు.

మార్చి 12, బుధవారం

పొద్దున్నే ఆంటీతో బస్సులో పామర్రు. వాళ్ల తమ్ముడి పెరట్లో సొరకాయలు కాశాయట, శుక్రవారం వండే పప్పూ మటన్ దాల్చాలోకి అవే కావాలట. బస్సులో ఇద్దరు పట్టే సీటు. ఆంటీ పక్కన స్వాతి. నేను వెనక, కోళ్ల గంపతో వచ్చిన ఒక పెద్దాయన పక్కన. కోడి నా చున్నీ కొస పొడుస్తోంది. వద్దనలేదు. ఆ బస్సులో నా మీద ఆసక్తి చూపించిన ప్రాణి అదొక్కటే.

ముందు సీట్లోంచి ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది... "పులుపు ముందు తెలుస్తుంది, ఉప్పు వెనక తెలుస్తుంది... తొందరపడి మింగకూడదు..." ఇదంతా నేను నేర్చుకోవాలని వచ్చిన చదువు. వేరేవాళ్ల చెవిలో పోస్తున్నారు.

పామర్రులో ఆంటీ మమ్మల్ని పరిచయం చేశారు. "ఇదిగో, ఈ అమ్మాయి ఈ వారానికి నా నాలుక." తర్వాత నా వైపు తిరిగి — "ఈ అమ్మాయి కూడా వచ్చింది."

కూడా.

తెలుగులో బూతులు చాలా ఉన్నాయి. దీని ముందు అవేం పనికొస్తాయి.

తిరుగు ప్రయాణంలో సొరకాయలు నా ఒళ్లో. రోడ్డుకి రెండు పక్కలా చేలు. స్వాతి వెనక్కి తిరిగి, "ఎంత బాగుందే" అంది. ఉప్పు తక్కువైంది అన్నాను. నవ్వింది. అది ఏ మాటకైనా నవ్వుతుంది. అది కూడా దాని గొప్పే.

మార్చి 13, గురువారం

సాయంత్రం. బెంజ్ సర్కిల్ హోటల్ గది. కిటికీ కింద హారన్లు.

స్వాతి మంచం మీద బోర్లా పడుకుని, ఫోన్ పక్కన పెట్టి — "హారీ... షాపులో నేను కూడా వండితే?"

"నువ్వు వండితే డెలివరీ అంబులెన్సులో చెయ్యాలే" అన్నాను.

సగం నవ్వింది. ఆపేసింది. "కాదే, నిజంగానే అడుగుతున్నా. ఆంటీ అంటున్నారు నాకు నాలుక ఉందట. అది లేకపోతే చేతికి ఎంత పనొచ్చినా లాభం లేదట."

చేయి అంటే నేను. నాకర్థమైంది. హోటల్ బిల్లు చూద్దామా, టిఫిన్ ఏం తెప్పిద్దాం అంటూ ఏవేవో మాట్లాడాను. ఇడ్లీ తెప్పించాం. చట్నీలో ఉప్పెక్కువైందని నాకంటే ముందు అదే చెప్పింది.

ఒక్క విషయం జోకు లేకుండా రాసుకుంటాను. కాలేజీలో ఫస్ట్ క్లాసు దానిది. ఆఫీసులో ప్రమోషన్ దానిది. మా అమ్మ ఫోన్ చేస్తే ముందు అడిగేది దాని గురించే. వంట ఒక్కటే నాది. అది కూడా ఇచ్చేస్తే నా దగ్గర మిగిలేది జోకులే.

మార్చి 14, శుక్రవారం

రాయాలి. రాయకపోతే ఇది జరగలేదని నన్ను నేనే నమ్మించుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

ఆఖరి క్లాసు. ఆంటీ ఇంట్లో ఇఫ్తార్. చుట్టాలూ, వీధిలోవాళ్లూ — పాతిక మంది. బగారా అన్నం, పెద్ద గిన్నె నిండా దాల్చా. అందులో శనగపప్పు, మటన్, పామర్రు సొరకాయ, చింతపండు పులుసు.

ఐదింటికి స్వాతి ఉప్పు చూసింది. అరచేతిలో చుక్క వేసుకుని, చప్పరించి, ఫైలు మీద సంతకం పెట్టే ఆఫీసర్‌లా — "సరిపోయింది ఆంటీ. ఇంక ముట్టుకోవద్దు." ఆంటీ మూతపెట్టి నమాజుకి వెళ్లారు. స్వాతి ఖర్జూరాలు సర్దడానికి కిందికెళ్లింది.

వంటగదిలో నేనూ, గిన్నే, ఉప్పు జాడీ.

ఒక గుప్పెడు. కల్లుప్పు. తర్వాత ఇంకో అరగుప్పెడు — మొదటిది తెలుస్తుందో తెలియదోనని. కోపంలో కాదు. తొందరలో కాదు. కరిగేదాకా కలిపాను. గరిటె కడిగి, ఎక్కడిది అక్కడే పెట్టాను. ఎవరైనా వస్తే వెయ్యడానికి ఒక జోకు కూడా సిద్ధం చేసుకున్నాను. ఎవరూ రాలేదు.

అజాన్. ఖర్జూరాలు, పళ్లు, నీళ్లు. నమాజు. తర్వాత నేల మీద పొడుగాటి బట్ట పరిచి అందరూ వరుసగా కూర్చున్నారు.

మొదటి ముద్దకే అందరికీ తెలిసింది. ఒకాయన అన్నం ఇంకొంచెం వేయించుకున్నారు. ఇంకొకావిడ పెరుగు ఉందా అని అడిగారు. బాగుందమ్మా షంషాద్, అన్నారు ఇద్దరు ముగ్గురు. ఆంటీ చెప్పిన చుట్టాల మాట. అత్తగారు, డెబ్బై దాటిన మనిషి, గ్లాసు ముందుకి జరిపారు. పక్కన ఉన్నది నేనే. నీళ్లు పోశాను. మూడుసార్లు.

స్వాతి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. నములుతోంది, ఆలోచిస్తోంది, మళ్లీ నములుతోంది. నేను కంచంలోని దాల్చాలో బిర్యానీ ఆకు వెతుక్కుంటున్నాను. దాల్చాలో బిర్యానీ ఆకు వెయ్యలేదు.

"ఆంటీ, తప్పు నాది. ఉప్పు సరిగ్గా చూడలేదు." స్వాతి, అందరి ముందూ, నించుని.

నేను కోరుకున్నది ఇదే. అచ్చం ఇదే.

ఆంటీ కోప్పడలేదు. "పోనీలేమ్మా, ఉప్పే కదా." తర్వాత అత్తగారి గ్లాసు వైపు చూసి, మెల్లగా — "రేపు దాహం వేస్తుంది, అంతే."

అది నేను ఆలోచించలేదు. ఉప్పు ఈ పూటతో అయిపోతుందనుకున్నాను.

వచ్చేస్తుంటే మెట్ల దగ్గర ఆంటీ నా భుజం మీద చెయ్యి వేశారు. "రేపు కూడా ఊళ్లోనే ఉంటారుగా. ఒకసారి రామ్మా. రేపు నువ్వు చూడు ఉప్పు."

పదవి వచ్చింది.

మార్చి 15, శనివారం

స్వాతి రాలేదు. తలనొప్పి అంది. గోడ వైపు తిరిగి పడుకుంది.

నేనొక్కదాన్నే వెళ్లాను. ఆంటీ అరచేతిలో చుక్క వేశారు. ఏం తక్కువ?

తెలిసింది. ఒక చిటికెడు ఉప్పు పడాలి, పులుపు సరిపోయింది. అదే చెప్పాను. ఆంటీ వేసి, మళ్లీ చుక్క వేశారు. సరిగ్గా ఉంది. "చూశావా, నీకూ తెలుసు" అన్నారు. సోమవారం అయితే ఆ మాటకి గుణదల నుంచి హోటల్ దాకా ఎగురుకుంటూ పోయేదాన్ని.

అత్తగారు మధ్యాహ్నం తల తిరిగి పడబోయారట. బలవంతాన నీళ్లు తాగించారట. ఈ నెలలో ఆవిడకి తప్పిపోయిన మొదటి రోజా. పండగయ్యాక ఇంకో రోజు ఉండి తీర్చుకుంటారులే అన్నారు ఆంటీ, పొయ్యి వైపు చూస్తూ.

దిగుతుంటే కింద గదిలోంచి అత్తగారు పిలిచారు. మంచం మీద కూర్చుని ఉన్నారు. "ఆ రెండో పిల్ల రాలేదా? ఉప్పు సంగతికి బాధపడుతోందా ఏం? నేనేమీ అనుకోలేదని చెప్పమ్మా. మర్చిపోకుండా చెప్పు."

చెప్తానండీ, అన్నాను.

అక్కడే ఇంకో మాట కూడా చెప్పొచ్చు. నోరు తెరిచాను. "ఆరోగ్యం జాగ్రత్తండీ" వచ్చింది.

హోటల్‌కి వచ్చాక స్వాతి లేచి కూర్చుంది. "షాపులో వంట నువ్వే చెయ్యవే. నా నాలుక మీద నాకే నమ్మకం పోయింది." నేను కాదనలేదు. అత్తగారి మాట చెప్పలేదు. తలనొప్పి తగ్గిందా అని అడిగాను.

మార్చి 16, ఆదివారం

రైలు. కుదుపులకి అక్షరాలు వంకరపోతున్నాయి. అందుకే అనుకుందాం.

ఏలూరు దాకా ఊరుకున్నాను. పెద్దావిడ అంతలా చెప్పారు కదా — చెప్పేశాను. "ఆంటీ వాళ్ల అత్తగారు నిన్నేమీ అనుకోలేదని చెప్పమన్నారు."

"దేని గురించి?"

తల తిరగడం, నీళ్లు, తప్పిపోయిన రోజా... అన్నీ చెప్పాల్సి వచ్చింది. ఒక్కటి తప్ప అన్నీ.

శుక్రవారం నమిలినట్టే, ఏదో నములుతున్నట్టు ఉంది స్వాతి మొహం. ఐదింటికి తను చూసిన చుక్క, ఏడింటికి తిన్న ముద్ద — రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసుకుంటోంది. నాకు కనిపిస్తోంది. దానికి నిజంగానే నాలుక ఉంది. ఆ మాట ఇన్ని రోజుల్లో ఈ పేజీకి కూడా చెప్పలేదు.

తర్వాత, చాలా మామూలుగా, టైమెంతైంది అని అడిగినట్టు —

"ఎంత వేశావే?"

"దేన్లో?" అన్నాను.

కిటికీ వైపు తిరిగింది.

తాడేపల్లిగూడెం. బండి ఆగింది, కదిలింది. ఇంకా అటే చూస్తోంది.