మగ్గం గుంటలోంచి వచ్చిన సందేశం

నల్లపాడు,
10-6-2024

ప్రియమైన చెల్లెమ్మ మల్లేశ్వరికి, అన్నయ్య ఏసోబు దీవెనలతో రాసేది.

నీ ఉత్తరమూ నకలు కాగితాలూ అందాయి. ఫోనులో మాట్లాడదామంటే డకోటా విమానాల ఇంజన్లు నా చెవుల్ని ఏనాడో తినేశాయి. ఇలా రాస్తూనే ఉండు.

మీ ఆయన భావనారాయణ పోయి ఏడు నెలలైంది. వాయుసేనలో ఒకే స్క్వాడ్రన్‌లో, వైర్‌లెస్ సందేశాలు పంపే సిగ్నలర్లుగా పదేళ్ళు పక్క పక్క మంచాల మీద పడుకున్న వాళ్ళం మేము. ట్రంకుపెట్టె అడుగున కెప్టెన్ రాసిన సిఫారసు నకలు నీకు దొరకడం దైవచిత్తమే. డెబ్భై ఒకటి డిసెంబరు యుద్ధంలో కుడి ఇంజను అంటుకున్న విమానంలో, చేయి కాలుతున్నా వైర్‌లెస్ మీట వదలకుండా అందరినీ నేలకు చేర్చిన భావనారాయణకు శౌర్య పతకం ఇవ్వాలని అందులో స్పష్టంగా ఉంది. రికార్డుల ఆఫీసేమో ఆయన ఆ రోజు విమానమే ఎక్కలేదంటోంది. ఆ చేతి మచ్చ వంటశాల పొయ్యి దగ్గర కాలిందని రాసుకున్నారట.

అన్యాయపు న్యాయాధిపతి గుమ్మంలో పట్టు విడవకుండా నిలబడిన విధవరాలి కథ బైబిల్లోది నీకు చెప్పాను కదా. నువ్వూ అలా నిలబడు. మొన్న ఆదివారం మా ప్రార్థన కూటంలో ప్రసంగానికి అదే వాక్యం అందుకున్నాను. చనిపోయినవాడి పేరు మింగిన కాగితం అగ్నికి తప్పించుకోదని అరిస్తే మైకు గీపెట్టింది. ముందు వరసలో కూర్చునే ఆదెమ్మ, మిర్చి తొడిమలు తీసే చేతులతో కళ్ళు తుడుచుకుని, మంట పుట్టి మరీ ఏడ్చింది.

ఆయన ధైర్యవంతుడని నా సాక్ష్యం రాసి, సంతకం చేసి ఇందులో పెట్టాను. పంపించు.

నీ అన్నయ్య,
ఏసోబు

*

వేటపాలెం,
15-7-2024

ప్రియమైన అన్నయ్యగారికి మల్లేశ్వరి నమస్కారాలు.

మీ సాక్ష్యం చాలదని ఆఫీసువాళ్ళు రాశారు. విమానం ఎక్కేవాళ్ళ పేర్లు రాసే పుస్తకంలో ఆ రోజు సిగ్నలర్‌గా ఇంకొకరి పేరుందట. అప్పుడే ఒక ఆఫీసరు పిలిచి అడిగితే, వెళ్ళింది తానేనని ఆ మనిషి ఒప్పుకున్నాడట. పేరు మాత్రం మాకు చెప్పరట. ఆ మనిషే వచ్చి కాదంటే తప్ప రికార్డు దిద్దరట. మీరు అక్కడే ఉన్నారు కదా. ఎవరన్నయ్యగారూ?

నా వయసు డెబ్భై దాటింది. నేనుండగా ఆయన పేరు ఆయనకు రావాలి. ఇంకేమీ వద్దు నాకు.

ఇంకో సంగతి. చెబితే కోప్పడతారేమో. మా మగ్గం గది మీకు తెలుసు. ఆయన పోయాక మగ్గం ఊడదీయించి, కింద కాళ్ళు పెట్టుకునే గుంట ఇసుకతో పూడ్చి పైన సిమెంటు చేయించాను. పది రోజులుగా ఉదయం పదకొండింటికి ఆ సిమెంటు కింద నుంచి టకటకమని చప్పుడు. నేసేటప్పుడు మగ్గం పలక కొట్టినట్టు కాదు. పొట్టిగా ఒకటి, పొడుగ్గా ఒకటి. ఎలుకలనుకున్నాను. పక్కింటి ఫర్హానా వచ్చి నేలకు చెవి ఆనించి లేచి, "పిన్నీ, ఎలుక మధ్యలో ఆగి ఆలోచించదు," అని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గదిలోకి రాలేదు.

మీ చెల్లెలు,
మల్లేశ్వరి

*

నల్లపాడు,
22-7-2024

ప్రియమైన చెల్లెమ్మకు,

నీ ఉత్తరం చదివి బాధపడ్డాను. చచ్చినవాడి గొంతు నేల కింది నుంచి రప్పించుకున్న రాజు ఏమయ్యాడో బైబిల్లో ఉంది. ఆ గదికి తాళం వెయ్యి. పదకొండు గంటలకు బజారుకు వెళ్ళు.

యాభై మూడేళ్ళ నాటి పేర్లు ఎవరికి గుర్తుంటాయి? ఆ మనిషి బతికున్నాడో లేదో. నీ కోసం మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టాను. ఇక్కడ పత్తి విత్తారు, వాన లేదు. ఆరోగ్యం చూసుకో.

ఏసోబు

*

వేటపాలెం,
30-7-2024

ప్రియమైన అన్నయ్యగారికి,

తాళం వేశాను. తాళం వేసిన గదిలోంచీ వస్తోంది.

భయపడి భయపడి విసుగొచ్చి, నిన్న తలుపు తీసి కూర్చున్నాను. నేను చీర అంచుల డిజైన్లు గీసిన దాన్ని. చప్పుడునైనా గళ్ళలో పెడితే గానీ నాకు మనసుకు పట్టదు. గ్రాఫు కాగితం తీసుకుని పొట్టి చప్పుడుకు ఒక గడి నింపాను, పొడుగు దానికి మూడు. ఊరుకున్న చోట ఖాళీ వదిలాను. ఇవాళ మళ్ళీ కూర్చుని సరిచూసుకున్నాను. ఒక్క గడి తేడా లేదు.

ఇది అంచుకు పనికొచ్చే డిజైను కాదు. అంచు ఎంత పెద్దదైనా ఒకచోట తిరిగి మొదటికొస్తుంది, ఇది రాదు. నాలుగో వరసలో తొమ్మిది గళ్ళ ఖాళీ ఉంది. అక్కడ నేనేదో వదిలేశానని మొదట అనుకున్నాను, కానీ రెండు రోజులూ అక్కడ అలాగే ఆగింది. ఆ తర్వాత చప్పుడు నెమ్మదించింది, తడబడింది.

ఆఖరి రోజుల్లో ఆయన మంచం పట్టె మీద వేలితో ఇలాగే కొట్టేవారు. అది వైర్‌లెస్ మీట మీద కొట్టే మీ ఇద్దరి భాష. కాగితం పంపుతున్నాను. ఏముందో చదివి చెప్పండి.

మల్లేశ్వరి

*

నల్లపాడు,
9-9-2024

ప్రియమైన మల్లేశ్వరికి,

నలభై రోజులు జవాబివ్వలేదు. చదవడానికి పట్టింది పావుగంటే.

కూటం హాలు తలుపులు వేసుకుని నీ గళ్ళను అక్షరాలుగా మార్చాను. విమానం నంబరు. కుడి ఇంజను ఆగింది. మంట ఆరలేదు. ఎత్తు తగ్గుతోంది. దిగడానికి దారి చెప్పండి. ఇది ఆ రోజు పైనుంచి వచ్చిన సందేశం, అక్షరం పొల్లు పోలేదు. నాకెలా తెలుసంటావా? నేల మీది వైర్‌లెస్ కేంద్రంలో దాన్ని విని రాసుకున్న కాగితం ఆఫీసరు నా ముందు పెట్టి, పంపింది నువ్వేనా అని అడిగాడు. నేనే అని సంతకం చేశాను.

పుస్తకంలో ఉన్న పేరు నాది.

ఆ ఉదయం నా వంతు. అంతకుముందు రోజు తిరిగొచ్చిన విమానం తలుపు తీసినప్పుడు లోపల చూసింది నా కళ్ళలోంచి పోలేదు. జ్వరమని దుప్పటి కప్పుకున్నాను. నీ భర్త నా నుదురు మీద చేయి పెట్టాడు. చల్లగా ఉందని అతనికి తెలుసు. నా టోపీ పెట్టుకుని వెళ్ళి విమానం ఎక్కాడు. పుస్తకంలో పేరు మార్చే తీరిక ఎవరికీ లేదు. పదకొండింటికి ఇంజను అంటుకుంది.

కెప్టెన్ సిఫారసు రాశాడు. పేరు కలవలేదని ఆఫీసరు నన్ను పిలిచాడు. యుద్ధంలో వంతు తప్పించుకున్నవాడికి ఏ శిక్షో నాకు తెలుసు. వెళ్ళింది నేనేనన్నాను. భావనారాయణను అడిగితే తాను విమానం ఎక్కలేదన్నాడు. చేయి ఎలా కాలిందంటే పొయ్యి దగ్గర అన్నాడు. నెల తిరక్కుండా కెప్టెన్ ఇంకో ప్రమాదంలో పోయాడు. ఆ ప్రయాణం లెక్కలో చూపించే నాకు మరుసటేడు ప్రమోషన్ ఇచ్చారు.

బైబిల్లో అన్న బట్టలు తొడుక్కుని గుడ్డి తండ్రి చేత దీవెన రాబట్టుకున్న వాడి మీద నేను నలభై ఏళ్ళుగా నిప్పులు కురిపిస్తున్నాను. ప్రతిసారీ కింద కూర్చున్న వాళ్ళు ఒణికారు. వేదిక మీదున్న నేను ఒణకలేదు.

నాలుగో వరసలో నువ్వేమీ వదిలెయ్యలేదమ్మా. అక్కడ ఆయన చేయి మార్చాడు. కుడి చేయి కాలిపోయింది, ఎడమ చేతికి అలవాటు లేదు. ఈ సంగతి ఏ కాగితంలోనూ లేదు, నాకూ ఇప్పుడే తెలిసింది.

నేనింకా చెప్పనిది ఒకటుంది. మా సిగ్నలర్లకు సందేశం చివర కొట్టే సొంత గుర్తు ఉంటుంది, రెండక్షరాలు. నీ కాగితం చివర ఉన్నది నా గుర్తు. ఆ రోజు నన్ను కాపాడటానికి నా గుర్తు కొట్టాడు. సిమెంటు కింద నుంచి కూడా అదే కొడుతున్నాడు. ఇంకా నన్ను దాస్తూనే ఉన్నాడు. నేను ఓర్చుకోలేనిది అదొక్కటే.

గుంటూరులో నోటరీ ముందు మొత్తం రాసి, సంతకం చేసి ఆఫీసుకు పంపాను. ఆ రోజు ప్రయాణం లెక్కలో నా పేరు కొట్టేసి భావనారాయణ పేరు రాస్తున్నట్టు మొన్న జవాబొచ్చింది. సిఫారసును మళ్ళీ పై వాళ్ళ ముందు పెడతారట. ఆ ఉత్తరం నీదే, ఇందులో పెట్టాను. నా మీద ఏం చర్య తీసుకుంటారో ఇంకా రాయలేదు.

నిన్న ఆదివారం ఇదంతా మైకు లేకుండా కూటంలో చదివాను. ఆదెమ్మ లేచి, "ఇన్నేళ్ళూ పిరికోళ్ళు నరకానికి పోతారని మా మీద కేకలేశావు గదయ్యా," అంది. కోపంగా కాదు, జాలిగా అంది. తర్వాత ఒక్కొక్కరే చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

నువ్వు క్షమించినా క్షమించకపోయినా ఒక్క పని చెయ్యి. ఈ ఉత్తరం అందిన మర్నాడు పదకొండింటికి ఆ గదిలో కూర్చో. చప్పుడు లేకపోతే సరే. వస్తే మాత్రం చివరి రెండక్షరాల గళ్ళు గీసి నాకు పంపు. అవి భావనారాయణ గుర్తయితే ఆయన పేరు ఆయనకు చేరినట్టు. ఇంకా నా గుర్తే అయితే, నేనింకా ఏదో దాచుకున్నానన్న మాట. అదేమిటో నాకు తెలియదు. ఆయనకు తెలిసి ఉంటుంది.

ఏసోబు