గింజ ముట్టని పుంజు

మే 29, బుధవారం

పక్కింటి చిట్టెమ్మ కుక్క నా ఎర్ర పుంజును చంపింది. తినలేదు కూడా. పీక కొరికి పెంటకుప్ప దగ్గర వదిలేసింది.

అది కూరకు పెంచింది కాదు. విత్తనం చల్లే ముందు కొండదేవతకు ఇవ్వాలని పిల్లగా ఉన్నప్పటి నుంచి సాకాను. ఒంటి మీద ఒక్క తెల్ల ఈక లేదు. పుంజును ఇవ్వకుండా మా ఇంట్లో ఎవరూ చోడి గింజ, అదే రాగి గింజ, నేలలో వేయలేదు. నా తండ్రి వేయలేదు. నేనూ వేయను.

కర్ర పట్టుకుని పక్కింటికి వెళ్లాను. కుక్కను కట్టేయమని ఎన్నిసార్లు చెప్పాలి అన్నాను. కట్టేత్తే అది కుక్కెందుకవుద్ది మావా, నీ కోడిని నువ్వు గంప కింద కప్పెట్టుకోలేవా అంది. గొలుసు కుక్కకు కాదు, నీ నోటికి కావాలి అన్నాను. ఎక్కువే అన్నాను. అనేశాను.

మే 31, శుక్రవారం

సంతకు వెళ్లాను. అన్నీ ఫారం కోళ్లు. ఎర్ర పుంజులు రెండు దొరికాయి, రెండింటికీ తోకలో తెలుపు. దేవతకి కలర్‌తో పనేటి తాతా అని షాపువాడు నవ్వాడు. నవ్వనిచ్చాను.

జూన్ 1

కుక్క మళ్లీ వచ్చింది. రాయి విసిరాను. తగల్లేదు.

జూన్ 2, ఆదివారం

వాన పడింది. దుక్కి బాగా నానింది. మా ఊరికి మంచిరోజు చెప్పే దిసారి ధర్మ. మంగళవారం తప్పితే ఇంకో పన్నెండు రోజుల దాకా రోజు లేదన్నాడు. అప్పటికి తడి ఆరిపోతుంది. ఈ ఏడు చోడి లేనట్టే.

ఊళ్లో మచ్చలేని ఎర్ర పుంజు ఇంకొక్కటే ఉంది. చిట్టెమ్మది. నేను అడగను.

జూన్ 3, సోమవారం

కోడలు రమణి నాకు చెప్పకుండా వెళ్లి అడిగింది. చిట్టెమ్మ పుంజు కాళ్లు కట్టి ఇచ్చిందట. నేనిచ్చానంటే మీ మావ ముట్టడు, సంతలో కొన్నానని సెప్పు అందట. రమణికి అబద్ధం రాదు.

తీసుకున్నాను. దేవతకు కావాలి, నాకు కాదు.

జూన్ 4, మంగళవారం, ఉదయం 6

పుంజు గింజ ముట్టలేదు.

దేవత రాయి ముందు అరచేతిలో బియ్యం పెట్టాలి. పుంజు పొడిస్తేనే దేవత ఒప్పుకున్నట్టు. పొడవకపోతే కోయకూడదు. నేను పెట్టాను. తల తిప్పుకుంది. ధర్మ పెట్టాడు. రమణి పెట్టింది. లేదు. దేవతకి నీ మీద కోపమొచ్చింది సోంబరు బావా అన్నాడు ధర్మ. కోపం కాదు, ఇది చిట్టెమ్మ చేతిలో తప్ప తినదు అంది రమణి.

మొగుడు పోయాక చిట్టెమ్మ చర్చికి వెళ్తోంది. ఆరేళ్లయింది. రాయి వైపు చూడదు. అప్పటి నుంచే ఆ ఇంటికీ మా ఇంటికీ చెడింది. కుక్క తర్వాత వచ్చింది.

అదే రోజు, 9 గంటలు

కర్ర లేకుండా, పుంజును చంకన పెట్టుకుని చిట్టెమ్మ ఇంటికి వెళ్లాను. దడి బయట నిలబడి, పుంజు తినడం లేదు, నీ చేయి కావాలి అన్నాను.

రాయి కాడికి నేను రాను మావా, నీ దేవత పేరు నా నోట రాదు అంది. రమ్మనలేదు అన్నాను. మరేటి సెయ్యమంటావు అంది. నాకు తెలియదు అన్నాను. ఆ మాట ఇంతకుముందు ఎవరితోనైనా అన్నానో లేదో గుర్తు లేదు.

ఇటియ్యి అంది. పుంజు కాళ్లకున్న తాడు విప్పింది. నా గుమ్మంలో నా కోడికి రోజూ ఎలా పెడతానో అలాగే పెడతాను, నీ మొక్కు నువ్వు సూసుకో అంది. గుప్పెడు బియ్యంతో గడప మీద కూర్చుంది. దడికి ఇవతల నిలబడి నేను దేవత పేరు పలికాను.

పుంజు పొడిచింది. మూడుసార్లు. ఆమె కళ్లు మూసుకుని ఉంది. ఎవరిని తలుచుకుందో అడగలేదు.

రాయి ముందు కాకుండా పొడిస్తే చెల్లుతుందా అని ధర్మను అడిగాను. మా తాత కూడా సెప్పలేదు బావా, నువ్వే సెప్పు అన్నాడు. చెల్లుతుంది అన్నాను. తప్పైతే నా నెత్తినే పడనీ.

పుంజును కోశాం. మధ్యాహ్నానికి చోడి చల్లేశాం.

సాయంత్రం

దేవతకు కోసిన మాంసం గడప గడపకూ వెళ్లాలి. చర్చికి వెళ్లేవాళ్లు అది తినరని ఆరేళ్లుగా చిట్టెమ్మ ఇంటి భాగం తీయలేదు. ఈసారి తీశాను. అడ్డాకులో చుట్టి దడి మీద పెట్టాను. చిట్టెమ్మ చూసింది. తీసుకోలేదు. తీసెయ్యమనీ అనలేదు.

కుక్క వచ్చి లాక్కుని తిన్నది. పక్కనే ఉన్నాను. అదిలించలేదు.