తనూజ కూర్చునే చోటు

పెనుకొండ దగ్గర పట్టుపురుగులు పెంచుకొని బతికే మేడింటి నంజుండప్ప అనే నేను, వయసు అరవై ఎనిమిది, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. ఊపిరితిత్తులు ఇక ఎక్కువ కాలం రావని పుట్టపర్తి ఆసుపత్రిలో చెప్పారు. బుద్ధి మాత్రం నిలకడగా ఉంది. ఏడుస్తూ మొదలుపెట్టాల్సిన కాగితమే గానీ, నాకు ముందు సంతోషమే పొంగుతోంది. మలివయసులో పుట్టిన నా కూతురు తనూజ ఈ జూన్‌లో ఆరో తరగతిలో చేరింది. ఊరి పిల్లలందరూ చదివే హైస్కూల్లోనే, వాళ్ళ పక్కనే. దాని బుద్ధి నిదానం, మాట నిదానం. అయినా సెలవు రోజు కూడా సంచి తగిలించుకొని గడపలో నిలబడుతుంది. ఇంత భాగ్యం ఎవరికి ఉంటుంది.

1. నా స్వార్జితమైన మల్బరీ తోట, పురుగుల షెడ్డు, ఇల్లు నా తదనంతరం కొడుకు జయచంద్రకూ తనూజకూ సమానంగా చెందాలి. చెల్లెలికి సంరక్షకుడు జయచంద్రే. దాని భాగంలో వచ్చే ఆదాయం దాని తిండికి, బట్టకు, చదువుకు మాత్రమే.

2. జయచంద్రా, ధర్మవరంలో నీ చీరల అంగడి రెండు రోజులు మూసి పోయి, బెంగళూరులో హాస్టలున్న ప్రత్యేక బడి చూసి వచ్చావు. నీ ప్రేమను తప్పు పట్టను. అక్కడ తప్ప కుదరని బిడ్డలకు ఆ బడి కావాలి కూడా. "వెనకబడిన పురుగుల్ని వేరే తట్టలో పెట్టేది నువ్వే కదా నాయనా" అన్నావు. పెడతానప్పా. కానీ ఆ తట్ట అదే షెడ్డులో ఉంటుంది, దానికీ అదే ఆకు వేస్తాను, కోలుకుంటే మళ్ళీ కలిపేస్తాను. తనూజ కూడా రోజూ ఒక గంట ఆ హైస్కూల్లోనే వేరే గదిలో, మాటలు నేర్పే టీచరు దగ్గర ఉంటోంది. తక్కిన పొద్దంతా అందరితోనే. అది చాలకపోతే సాయం పెంచండి. పక్కన ఆయాను పెట్టండి, పాఠం తేలిక చేయమని అడగండి. అన్నీ చేసి చూసినా కుదరకపోతేనే వేరే బడి మాట. అదైనా ధర్మవరంలోనో హిందూపురంలోనో, సాయంత్రానికి ఇల్లు చేరేలా ఉండాలి.

3. పక్కింటి షంషాద్‌బీ కూతురు సల్మా బడిలో తనూజ పక్కన కూర్చుంటుంది. టిఫిన్ డబ్బా మూత రాకపోతే తీసివ్వదు, కాస్త వదులు చేసి దాని చేతికే ఇస్తుంది. సల్మాకు నా సైకిలు. సీటు కిందికి దించి ఇవ్వండి.

4. "ఈ బిడ్డకు బడెందుకబ్బా, ఆవుల కాడ కూర్చోబెట్టుకో" అని మా తమ్ముడు పెళ్ళిపందిట్లో అన్నాడు. జనం నవ్వారు. నా కోపం ఇంకా తగ్గలేదు. వానికి నా కంబళి ఇవ్వండి, చలికి ఆగలేడు.

5. నా భార్య సుంకమ్మ పోయిన రోజు, బిడ్డకేం తెలుస్తుందిలే అని బంధువులు తనూజను వేరే ఇంట్లో ఉంచారు. తర్వాత చాలా రోజులు అది షెడ్డులో తట్టల వెనక అమ్మను వెతుక్కుంది. నేను పోయినప్పుడు అలా చేయకండి. అందరితో పాటు నా దగ్గర కూర్చోబెట్టండి. చేయి ముట్టుకోనివ్వండి. నాయన చచ్చిపోయాడని తేటగా చెప్పండి. అది ఏదైనా అడగబోతే, మాట పూర్తయ్యేదాకా పాడె ఎత్తకండి. మైల అని ఇంట్లో ఉంచకండి, మరుసటి రోజే బడికి పంపండి. ఏడవడానికి దానికి దాని ఈడు వాళ్ళు కావాలి.

దీన్ని అమలు జరిపే బాధ్యత షంషాద్‌బీకి అప్పగిస్తున్నాను. నేను చదివించుకొని విని, సరేనని సంతకం చేశాను.

పెనుకొండ, 18 ఆగస్టు 2025
(సంతకం) మేడింటి నంజుండప్ప

మా ఎదుట సంతకం చేశారని సాక్షులు:
నాగరాజు, పాలకేంద్రం, పెనుకొండ
హరి, ఆటో డ్రైవరు, పెనుకొండ