హైటెక్ సిటీ ప్రైవేటు

మణికొండ

అమ్మకు,

నమస్కారాలు. నేను హైటెక్ సిటీలో ఉద్యోగంలో చేరాను. అది ప్రైవేట్ ఈక్విటీ సంస్థ. దేశదేశాల్లో ఆఫీసులున్నాయి. ఇదంతా ఫోన్లోనే చెప్పేదాన్ని. కానీ ఉత్తరాలు రాయకపోతే నా దగ్గర నేర్చుకున్న అక్షరాలు మరిచిపోతానని నువ్వే షరతు పెట్టావు.

నీ షరతుకు కట్టుబడిన కూతురు,
సంయుక్త

తా.క.: ఆఫీసులో కాఫీ మిషన్ ఏ బటన్ నొక్కినా నాకు వేడినీళ్ళే ఇస్తోంది. ఎవరినైనా అడగాలంటే సిగ్గు.

*

చేవెళ్ల

బిడ్డ సంయుక్తకు,

నీ ఉత్తరం కూడబలుక్కొని సదివిన. నువ్వు హైటెక్ సిటీల ప్రైవేట్లు చెప్తున్నవని వాడకట్టంత చెప్పిన. చిన్నగున్నప్పుడు పలక మీద నాకు దిద్దిపించి, తప్పు రాస్తే చేతి ఏళ్ళ మీద కొడ్తుంటివి. గప్పుడే అనుకున్న, ఇది పంతులమ్మ అయితదని. ఈక్విటీ అంటే ఏంది, లెక్కలా, ఇంగ్లీషా?

మన దగ్గర ఒక పిల్ల పదో తరగతి పరీక్ష రాస్తనంటున్నది. తెలుగు వస్తది. లెక్కలు అసలే రావు. నీ ప్రైవేట్ల ఆమెకు జర జాగ ఇయ్యి.

ఇట్లు నీ మొదటి స్టూడెంటు,
అమ్మ రుక్కమ్మ

తా.క.: వేడినీళ్ళు మంచియే. జలుబు చెయ్యది. తాగు.

*

మణికొండ

అమ్మకు,

ప్రైవేటంటే ట్యూషన్ కాదమ్మా! మా సంస్థ పెద్దవాళ్ళ దగ్గర డబ్బు పోగుచేసి కంపెనీలను కొంటుంది. ఆసుపత్రులు, మందుల ఫ్యాక్టరీలు, బిస్కెట్ల కంపెనీలు, సాఫ్ట్‌వేర్, ఏవైనా సరే. సత్తా ఉండి వెనకబడ్డవాటిని ఎంచుకుని, దగ్గరుండి బాగుచేసి, నాలుగైదేళ్ళకు లాభానికి అమ్ముతుంది. ఏది ఎదుగుతుందో చూసి చెప్పడం నా పని. ఆ అమ్మాయికి చేవెళ్లలోనే ఎవరినైనా చూడు. నాకు ఊపిరాడటం లేదు.

తొందరలో,
సంయుక్త

తా.క.: దయచేసి ఈ సంగతి వాడకట్టులో చెప్పకు.

*

చేవెళ్ల

బిడ్డ సంయుక్తకు,

వాడకట్టుల చెప్పలె. ఒక్క బాలనర్సయ్య కాకకే చెప్పిన. ఆయన పిండి గిర్ని బందువడి శాన దినాలాయె. మీ కంపెనీ కొంటదని పొద్దుగాల్నుంచి మన అరుగు మీదనే కూసున్నడు. రెండుసార్లు చాయ్ తాగిండు.

ఎనకవడ్డోళ్ళను దగ్గర కూసోవెట్టుకొని బాగుచేసుడే మీ పని అయితే, ఆ పిల్లను ఎందుకు వద్దంటున్నవ్? పాపం, పెండ్లైన పిల్ల. నవ్వుతడని బుగులుకు మొగనికి గూడ చెప్పలె. పరీక్షకు పేరు రాసే గడువు దగ్గరికొచ్చింది. నువ్వు కాదంటే ఇగ ఆమె ఆశ ఇడిసిపెడ్తది.

బతిమాలుకుంట,
అమ్మ

తా.క.: దవాఖాన అమ్మేటప్పుడు లోపలున్న పేషెంట్లు గూడ కొన్నోళ్ళకే పోతరా?

*

మణికొండ

అమ్మకు,

నీ ఉత్తరం చదివి నాకు ఒళ్ళు మండింది. నీ మీద కాదు, ఆ మొగుడి మీద. చదువుకుంటానంటే నవ్వే మనిషి ఈ కాలంలో కూడా ఉన్నాడా? నాయనను పంపి అతనికి నాలుగు మాటలు గట్టిగా చెప్పించు. ఆమెను వెంటనే పేరు రాయించుకోమను. ఆదివారాలు మణికొండకు పంపు, లెక్కలు నేను చెబుతాను. ఇంతకీ ఆమె పేరేమిటి?

మాట ఇస్తున్న,
సంయుక్త

తా.క.: పేషెంట్లను ఎవరూ కొనరు. బాలనర్సయ్య కాకను ఇంటికి పొమ్మను.

*

చేవెళ్ల

సంయుక్త టీచరుకు,

ఆ పిల్ల పేరు రుక్కమ్మ.

కోపం చెయ్యకు. ఓపెన్ స్కూల్ల నా పేరు రాసొచ్చిన. ముందుగాల్నే నేనని చెప్తే, "ఈ వయసుల ఎందుకమ్మా, ఆరాం చెయ్" అంటవని వేరే పిల్లను చేసిన.

నువ్వు చెప్పినట్టే ఆ మొగనికి నాలుగు మాటలు చెప్పనీకె మీ నాయినను పంపిన. అద్దం ముందట నిలవడి, "ఏమయ్యా, బుద్ధి ఉన్నదా?" అని ఆయననే ఆయన తిట్టుకున్నడు. నిజానికి ఆయన నవ్వలె. పోయి కంపాస్ డబ్బా కొనుక్కొచ్చిండు.

ఆదివారం పొద్దుగాల బస్సుకొస్త. ఈపాలి ఏళ్ళ మీద కొట్టకు, రొట్టెలు చెయ్యాలె.

నీకు బాకీ పడ్డ శిష్యురాలు,
రుక్కమ్మ

తా.క.: మీ కంపెనీల బాగుచేసినంక అమ్ముతరంటివి. నువ్వు మాత్రం ప్రతి ఉత్తరం మీద రాసేదే చెయ్యి. అమ్మకు.