మిరపతోటలో పొగనీళ్లు

యంగ్‌యాంగ్,
సెప్టెంబరు 9

చిరంజీవి బొరామ్‌కు,

వానలు వెలిశాయి, ఎండ కుదురుకుంది. నీ ప్రయోగశాలలో వేళకు తింటున్నావనే తలుస్తాను, తినవని తెలిసినా. ఇక్కడ నేను క్షేమం. నా తర్వాత క్షేమంగా ఉన్నవి కలుపుమొక్కలే.

నీ ఉత్తరం అందింది. కాయకుళ్లు ఆపడానికి నువ్వు పంపిన మట్టి బ్యాక్టీరియా ఎందుకు పనిచేయలేదో నివేదిక రాయాలన్నావు. తప్పు నీదైతే ఉద్యోగం మానేస్తానన్నావు. మానేసి ఏం చేస్తావు? వంట కూడా రాదు.

సంగతి విను. మిరపతోటంతా కాయకుళ్లు పాకింది. మొక్కలు పీకి తగలబెట్టాం. పచ్చివి కదా, మంట లేదు, పొగే.

ఊరి సమావేశంలో పక్కింటి మాన్‌షిక్ పేలాడు. నేనక్కడే వెల్లుల్లి ఒలుస్తున్నాను. "ఏం బొరామ్ నాన్నా, అందరిలా తెగులు మందు కొట్టుకుంటే పోయేదిగా! నీ కూతురు సంచిలో పురుగుల్ని పంపితే నమ్మి మునిగావు" అన్నాడు. మీ నాన్న లేచి, "దాన్నేం అనకు. అది శుభ్రంగానే పంపింది. నేనే తెలివి ఎక్కువై డ్రమ్ములో పొగనీళ్లు కలిపా. దాంతో ఆ పురుగులు చచ్చాయి" అన్నాడు. బొగ్గుల బట్టీ పొగ చల్లారితే దిగే ఆ పుల్లనీళ్లు మనవాళ్లకు సర్వరోగ నివారిణి. చీమలకీ అవే, కాళ్ల పగుళ్లకీ అవే. అందుకే అందరూ నమ్మారు. నవ్వారు కూడా.

ఇప్పుడు మీ నాన్న మాన్‌షిక్ తోటకే కూలికి వెళ్తున్నాడు. మధ్యాహ్నం బియ్యపు కల్లు పోస్తూ, "పొగనీళ్లు ఓ చుక్క వెయ్యమంటావా?" అంటారట.

కనుక తప్పు నీది కాదు. నివేదికలో పొగనీళ్లనే రాయి. ఉద్యోగం మానకు.

ఇట్లు,
ఇంకా పళ్లున్న నీ నాయనమ్మ

తా.క. పై ఉత్తరం మీ నాన్న పక్కన కూర్చుని రాయించాడు. ఇప్పుడు పనికి వెళ్లాడు. కొట్టంలో పొగనీళ్ల డబ్బా చూశాను, సీలు కూడా విప్పలేదు. నువ్వు చెప్పినట్టే, చెప్పిన వేళకే చల్లాడు. నీ బ్యాక్టీరియా ఎడతెగని వానకు ఓడిపోయాయి, బొరామ్. అడిగితే, "నన్ను చూసి నవ్వితే నవ్వనీ అమ్మా, దాన్ని చూసి నవ్వకూడదు" అన్నాడు.

కానీ మాన్‌షిక్ ఆ పొగనీళ్ల మాట నమ్మి, వచ్చే ఏడు పొగనీళ్లు కలపకుండా నీ సంచులే చల్లుతాడట, మందు మానేస్తాడట. మళ్లీ ఇలాంటి వానే పడితే అతనూ తోట తగలబెట్టుకుంటాడు. నివేదికలో వాన అని రాయి, ఎడతెగని వానకు ఇవి ఆగవని సంచుల మీదా అచ్చు వేయించు.

చుసోక్ పండక్కి వచ్చినప్పుడు మాత్రం, పొగనీళ్లు ఎందుకు పోశావని మీ నాన్నని నలుగురిలో గట్టిగా తిట్టు. తల వంచుకుని వినడానికి సిద్ధంగా ఉన్నాడు.